బిందె మీది పేరు
అడుగుర్రి, చెప్త: పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

పోయిన సంచికల మా అమ్మ ఇత్తడి బిందె గురించి నాలుగు మాటలు రాసిన. దాని మెడ కింద చుక్కలు చుక్కలుగ మా అమ్మమ్మ పేరు, మా అమ్మ పేరు, పెండ్లి తారీకు కొట్టిచ్చి ఉన్నయని, మా అమ్మమ్మ పేరు రాసి ఉన్నది ఈ లోకంల ఆ ఒక్క బిందె మీదనే అని. గంతే. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తయని అస్సలు అనుకోలే. మామూలుగ ఈ పేజీకి అత్తాకోడండ్ల పంచాయితీలు, పెండ్లి సంబంధాలు ఎక్కువొస్తయి, ఈసారి అన్నీ సందుగలు, ఫోటోలు, మునిగిన ఊర్లే. అందరికీ రాయలేను, కొన్ని పట్టుకున్న.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ తట్టు పల్లె, నేను హైదరాబాద్‌ల జాబ్ చేస్త. మొన్న ఇంటికి సున్నం ఏసేటప్పుడు అటకె మీద రేకు డబ్బల నలభై దాక పాత ఫోటోలు దొరికినయి, అన్నీ బ్లాక్ అండ్ వైట్‌యే. సగం మంది ఎవలో మా నాయినకే తెల్వది. నాయినమ్మకు తెలుసు గని ఆమెకు ఎనభై దాటినయి, అడిగితే "నాకేం యాదికున్నది బిడ్డా, పో" అంటది. ఫోన్ల రికార్డింగ్ ఆన్ చేస్తే నోరే తెరవదు. ఎట్ల అడగాలె?

జవాబు: చెల్లె, నాయినమ్మ మంచిగనే ఉన్నది, నువ్వు అడిగే తీరే బాగలేదు. "నీ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పు" అంటే ఎవ్వలు చెప్తరు, నన్నడిగినా చెప్ప, ఏడికెల్లి మొదలుపెట్టాలె మరి. ఒక్క ఫోటో తీసి చేతిల పెట్టు, మనిషి పేరు అడగకు, చీర అడుగు. "ఈ చీర ఎవలదే, ఏడ కొన్నరే" అను. మా పెద్దమ్మ ఫోటో ఒకటి పట్టుకొని మా అమ్మను గట్లనే అడిగిన, ఠక్కున "అది నా చీరనే, ఫోటో దిగి ఇస్తనని తీస్కపోయి మళ్ళ ఇయ్యలే" అన్నది, ఇగ ఆ కోపంల నాకు రెండు గంటల చరిత్ర దొరికింది, గద్వాల చీర కట్నంల పెట్టిన సంగతి, మా తాత దానికి బియ్యం అమ్మిన సంగతి, స్టూడియోకు ఎడ్లబండి మీద పోయిన సంగతి, అన్నీ. కోపం ఉన్న కాడ జ్ఞాపకం మస్తుగుంటది, ఇది నా అనుభవం.

ఇంకోటి, ఊకె కూసున్నప్పుడు అడగకు. చింతపండు గింజ తీసేటప్పుడు, చిక్కుడుకాయ ఈనెలు తీసేటప్పుడు, చేతులు పనిల ఉంటే నోరు దానంతటదే నడుస్తది. ఫోన్ మొకం మీద పెట్టకుండ రికార్డర్ ఆన్ చేసి పక్కకు బోర్ల పడెయ్, కని రికార్డ్ చేస్తున్న అని ముందుగల్ల చెప్పాలె, దొంగతనంగ చేస్తే తర్వాత ఎప్పుడన్న ఆమెకు తెలిస్తే ఇగ నీకు ఒక్క మాట చెప్పది. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, ఆమె అలిసిపోతది, నువ్వు కూడ అలిసిపోతవు.

సంవత్సరం మాత్రం అస్సలు అడగకు. మన ముసలోళ్ళ కాడ సంవత్సరాలుండయి, సంగతులుంటయి. రజాకార్ల లొల్లప్పుడు నేను గింతదాన్ని అన్నదంటే 1947-48, పోలీస్ యాక్షన్ అయింది 1948 సెప్టెంబర్‌ల. సాగర్ డ్యాంకు నెహ్రూ పునాదిరాయి ఏసింది 1955 డిసెంబర్ 10, కాల్వలకు నీళ్ళిడిసింది 1967 ఆగస్టుల. జై తెలంగాణ గొడవలంటే 1969. స్కైలాబ్ (అమెరికోళ్ళ అంతరిక్ష కేంద్రం) పడ్తదట, అందరం సస్తమట అని ఉన్న కోళ్ళు మేకలు కోసుకొని తిన్న యేడంటే 1979 జులై. ఇంకొకటి మస్తు పనికొస్తది, 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం, అది మన దిక్కు మీదికెల్లే పోయింది, పొద్దు గుంకకముందే చీకటైతే జనం తలుపులేసుకొని ఇంట్ల కూసున్నరు, మీ నాయినమ్మకు అది పక్కా యాదుంటది. "ఆ గ్రహణం నాటికి మా నాయిన నడుస్తుండెనా, పారాడుతుండెనా" అని అడుగు, మీ నాయిన అసలు వయసు తేలుతది. సర్టిఫికెట్ల ఉన్నది ఎవలదీ అసలు తారీకు కాదు, బడిల ఏసేటప్పుడు సారు మనిషిని చూసి రాసిందే.

పేరు దొరికినంక ఫోటో ఎన్క రాయి, పెన్సిల్‌తోనే, మెల్లగ, అంచు మీద. బాల్‌పెన్‌తోని ఒత్తి రాస్తే ముందలికి లేస్తది. రాసేటప్పుడు "ఫలానాయన పెండ్లాం" అని రాసిన్రో నాకు కోపమొస్తది, అది పేరు కాదు. ఆమె పేరేంది, ఏ ఊరి ఆడివిల్ల, అది రాయాలె. నాకొచ్చిన ఉత్తరాలల్ల మా వంశవృక్షం చూడక్కా అని నలుగురు ఫోటోలు పంపిన్రు, నాలుగిట్ల కలిపి ఒక్క ఆడమనిషి పేరు లేదు, మగోళ్ళకు మగోళ్ళే పుట్టినట్టుగ ఉన్నది ఆ చెట్టు.

ఫ్రేములల్ల అద్దానికి అతుక్కపోయిన ఫోటోలుంటే పీకకు. నేను పీకిన. మా నాయిన మొకం అద్దానికే ఉండిపోయింది, నా చేతికి తెల్ల కాయితం అంగి గుండీలు వచ్చినయి. అద్దంతోనే పెట్టి, నీడ పట్టున పగటి వెలుతురుల ఫ్లాష్ లేకుండ ఫోన్‌తోని ఫోటో తియ్యి. లామినేషన్ చేయిస్తమంటరు షాపోళ్ళు, వద్దు, ఒకసారి ఆ ప్లాస్టిక్ల పోతే మళ్ళ బయటికి రాదు. స్కాన్ చేయిస్తే చిన్న ఫోటోలకు 600 డీపీఐ చెప్పు. చుట్టాలకు వాట్సాప్‌ల పంపేటప్పుడు డాక్యుమెంట్‌గ పంపు, ఫోటోగ పంపితే అది పిండి చిన్నగ చేస్తది, తర్వాత పెద్దగ చేస్తె మొకాలు అలుక్కపోతయి.

ప్రశ్న: అక్కా, మా ఊరు కొల్లాపూర్ తట్టు కృష్ణ ఒడ్డున ఉండె, శ్రీశైలం డ్యాంల మునిగింది. నాకప్పుడు పదేండ్లు. మా నాయిన బతికున్నన్ని రోజులు ఆ ఊరి ముచ్చటే, పోయిన యేడు ఆయన కూడ పోయిండు. మా పిల్లలను మీ ఊరేదంటే ఇప్పుడున్న కాలని పేరు చెప్తరు, వాళ్ళ తప్పు కాదనుకో. ఆ ఊరిది ఒక్క ఫోటో లేదు నా తాన. ఏం జూపియ్యాలె వాళ్ళకు?

జవాబు: తమ్మీ, నీ ఉత్తరం సదివి కొంచెంసేపు ఏం రాయబుద్ధి కాలే. ఫోటో లేకపోతే లేకపాయె, నష్టపరిహారం కాయితాలు ఉన్నయా చూడు. ఆ కాయితాలంటే అందరికీ మంట, ఇచ్చిన పైసలు యాదికొస్తయి కాబట్టి. కని భూమి ఇల్లు తీసుకునేటప్పుడు కొలిచి రాసుకుంటరు గదా, ఇల్లు ఎన్ని ఫీట్లు, గోడ మట్టిదా రాయిదా, బాయి ఉన్నదా, చింతచెట్లెన్ని, మామిడిచెట్లెన్ని అని, మునిగే ముందు మీ ఊరిని చివరిసారి పట్టి పట్టి చూసిన మనిషి ఆ కొలిచే గుమస్తానే. ఆ అవార్డు (నష్టపరిహారం తేల్చిన ఉత్తర్వు) కాపీల నీ ఇల్లు ఉంటది. ఇంట్ల లేకపోతే భూసేకరణ ఆఫీసుల, కలెక్టరేట్ల రికార్డుల కోసం అర్జీ పెట్టు, తిరగాల్సి వస్తది, తిరుగు. 1971 జనాభా లెక్కలకు జిల్లా పుస్తకం ఉన్నది, అండ్ల ఊరూరికి ఇండ్లెన్ని జనమెంత అని ఉంటది, అది మీ ఊరు బతికున్నప్పటిది. పాత గ్రామ నక్షా సర్వే, ల్యాండ్ రికార్డుల ఆఫీసుల అడుగు.

కాయితం పని ఒక దిక్కు, అసలు పని వేరే ఉన్నది. మీ ఊరోళ్ళు ఇప్పుడు ఏ ఏ కాలనిల ఉన్నరో నీకు తెలుసుంటది. ఓ ఆదివారం ఒక నలుగురైదుగురిని, అరవై ఐదు దాటినోళ్ళను, ఒక కాడ కూసోబెట్టి నడుమ పెద్ద చార్ట్ పర్చి ఊరు గియ్యమను. ముందు ఏరు గియ్యుర్రి, తర్వాత ఏటికి పోయే తొవ్వ, ఇగ ఇండ్లు వాటికవే వస్తయి. ఒక్కటి మర్చిపోకు, నలుగురు నాలుగు వాడలోళ్ళయి ఉండాలె. పెద్ద వాడ ఆయనకు మాదిగవాడల బాయి ఏడున్నదో తెల్వది, ఎందుకంటె ఆయన ఎన్నడు పోలే. మాదిగవాడ ఆమెకు గుడి లోపల ఏమున్నదో తెల్వది, ఎందుకంటె ఆమెను ఎన్నడు రానియ్యలే. ఒకలి ఊరు ఇంకొకలి ఊరుతోని అతికిస్తెనే మొత్తం ఊరైతది, అప్పుడు కొంచెం కొట్లాట కూడ అయితది, కానియ్యి, ఆ కొట్లాట రికార్డ్ చెయ్యి. చెలకల పేర్లు రాసుకోండ్రి, రికార్డుల సర్వే నంబరే ఉంటది, పేరు ఉండది. పుట్టిల ఏరు దాటించేటోళ్ళు ఎవలు, ఎన్ని పైసలు తీసుకునేది, ఏ రేవుల దించేది, ఇవి ఇంకో పదేండ్లయితే చెప్పే మనిషి ఉండడు.

ఎండాకాలంల పిల్లలను తీస్కపో. రిజర్వాయర్ నిండితే 885 అడుగులు, ఏప్రిల్ మే నెలలకు నీళ్ళు మస్తు కిందికి పోతయి, సంగమేశ్వరం గుడి బయటపడేది కూడ గప్పుడే. మీ ఊరు ఎంత లోతుల ఉన్నదో నాకు తెల్వది, గోడల మొండాలన్న కనవడొచ్చు. బురద పైకి ఎండినట్టుంటది, కింద మెత్తగుంటది, పిల్లల చేయి ఇడువకు. కూడవెల్లి సంగమేశ్వర గుడిని (అది వేరే గుడి) విప్పి తెచ్చి అలంపూర్ల మళ్ళ నిలబెట్టిన్రు, సాగర్ దిక్కు కూడ పదిహేడు వందలేండ్ల కిందటి ఇక్ష్వాకుల రాళ్ళను తవ్వి దీవి మీద మ్యూజియంల పెట్టిన్రు, మంచి పని, కాదంటలేను. మీ నాయిన కూసున్న అరుగు రాయి మాత్రం ఎవలు తేలే. దొరికితే ఒక్క రాయి తెచ్చుకో.

ప్రశ్న: మేడం, మా తాత సందుగల ఉర్దూ కాయితాలు ఉన్నయి, ముద్రలు, స్టాంపులు ఉన్నయి. ఎవ్వరికీ సదవరాదు. చెదలు పడ్తున్నయని మా ఆమె పారేస్త అంటున్నది. ఉంచాల్నా? (మిర్యాలగూడ)

జవాబు: పారేస్తే నా మీద ఒట్టు. నిజాం కాలంల కచ్చేరి కాయితం అంత ఉర్దూలనే, మీ తాత కూడ ఉర్దూ మీడియమే సదివి ఉంటడు. అండ్ల ఏమున్నదో తెల్వకుండ పారేసుడు ఎట్ల? అమ్మకం కాయితం కావచ్చు, రసీదు కావచ్చు, ఉత్తగ బాకీ చిట్టి కావచ్చు. బాకీ చిట్టి అయినా సరే, ఎవలకు బాకీ పడ్డడో తెలుస్తది గదా.

తారీకు చూస్తే 1340, 1350 అని ఉంటది, ఇదేం కాలమురా అని బేజారు కాకు, అది ఫస్లీ, నిజాం సర్కారు వాడిన సంవత్సరం లెక్క, దానికి 590 కలుపు. ఫస్లీ 1357 అంటే 1947-48 అన్నట్టు. నెలలు కూడ ఆజూర్, ఖుర్దాద్, తీర్ అని వేరేగుంటయి. రూపాయలంటే నిజాం హాలి సిక్కా రూపాయలు, ఏడు హాలి ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేటియి, కల్దార్ అంటే ఇంగ్లీషోళ్ళ రూపాయి. లెక్క చూసేటప్పుడు అది యాదుంచుకో.

సదవనీకె మామూలు ఉర్దూ వచ్చినోళ్ళు సరిపోరు, పట్వారీల రాత గొలుసు గొలుసుగ ఉంటది, షికస్త అంటరు. మీ ఊరి మసీదుల పెద్ద మౌల్వి సాబ్‌ను అడుగు, లేకపోతే పాత దస్తావేజులు రాసిన ముసలాయన ఎవలన్న ఉంటే ఆయన. మా ఇంటియి ఒక రిటైర్డ్ ఉర్దూ సారు సదివి పెట్టిండు, ఛాయ్ బిస్కెట్ ఖర్చే. హైదరాబాద్ తార్నాకల స్టేట్ ఆర్కైవ్స్ ఉన్నది, పాత ఉర్దూ, పార్సీ కాయితాలతోనే నిండి ఉంటది, అక్కడ కూడ అడగొచ్చు. ముందుగాల ఒక్కొక్క కాయితాన్ని ఫోటో తీసుకో, మడతలు బలవంతంగ ఇప్పకు, టేప్ అతికియ్యకు, చెదలు ముట్టినయి వేరే పెట్టు. వేపాకు మన పెద్దోళ్ళు పెట్టేది, పెట్టుకో, పచ్చిది పెట్టకు తేమ పడ్తది. భూమి సంగతైతే 1954-55 ఖాస్రా పహాణి (ఏ భూమి ఎవలదో రాసిన సర్కారు రికార్డు) నకలు కూడ తీస్కో, అండ్ల మీ ముత్తాత పేరు ఆయన తండ్రి పేరుతోని సహా ఉండొచ్చు.

ప్రశ్న: మా పెండ్లి వీడియో క్యాసెట్ (1994), అమ్మ పాడిన బతుకమ్మ పాటల ఆడియో క్యాసెట్ ఉన్నయి. ఇప్పుడు ఏం చేయాలె? (షాద్‌నగర్)

జవాబు: ఈ నెలనే చేయించు, అమ్మ పాటలది ముందు, పెండ్లిది తర్వాత, పెండ్లి వీడియో ఇంకొకలింట్ల కాపీ ఉండొచ్చు, అమ్మ గొంతు ఇంకేడ లేదు. టేపు మీద తెల్లగ బూజు కనవడితే ప్లేయర్ల పెట్టి చూడకు, మిషన్ కరాబైతది, టేపు తెగుతది, క్యాసెట్లను కంప్యూటర్లకు ఎక్కించేటోళ్ళకే ఇయ్యి. ఎక్కించినంక పాత క్యాసెట్ పారేయకు. సీడీల పెట్టిచ్చి అయిపోయిందనుకోకు, సీడీలు కూడ పొరలు లేస్తయి, పెన్‌డ్రైవ్ జేబుల పోతది. హార్డ్ డిస్క్‌ల ఒకటి, చెల్లె ఇంట్ల ఒకటి, గూగుల్ డ్రైవ్‌ల ఒకటి, మూడు కాడ్ల పెట్టు. గూగుల్ల ఫ్రీగ వచ్చేది 15 జీబీనే, రెండేండ్లు ఆ అకౌంట్ ఎవలు తెరవకపోతే తీసేస్త అంటది, గందుకని పాస్‌వర్డ్ ఇంట్ల ఇంకొకలికి కూడ తెలవాలె.

ప్రశ్న: మా వంశం ఎన్ని తరాల దాక తెల్సుకోవచ్చు? (వనపర్తి)

జవాబు: మీ కులం రాయలే నువ్వు, సిగ్గుపడ్డవో మర్చిపోయినవో. రెడ్లయితే పిచ్చకుంట్లోళ్ళు (ఇప్పుడు వంశరాజ్ అంటరు) ఇంటికొచ్చి గోత్రాలు, తరాలు చెప్పేది. గొల్లోళ్ళకు మందెచ్చులోళ్ళు, పద్మశాలీలకు కూనపులోళ్ళు, మాదిగోళ్ళకు డక్కలోళ్ళు. ఏ పుస్తకం లేకుండ నోటికే చెప్పేది వాళ్ళు, మనం ధాన్యమిచ్చే కాడ పిసినారితనం చేసినం, వాళ్ళ పిల్లలు వేరే పనులకు పోయిన్రు, మంచిగనే చేసిన్రు. ఇంకా చెప్పే ముసలాయన ఎవలన్న ఉన్నడేమో మీ దిక్కు పెద్దోళ్ళను అడుగు, పిలిచి అన్నం పెట్టి, సంభావన ఇచ్చి, అడిగి రికార్డ్ చేసుకో. పేర్లు చెప్పేటప్పుడు మధ్యల ఆపకు, తొవ్వ తప్పుతడు. అయితే ఆ వరుసల కూడ మగోళ్ళే ఎక్కువ ఉంటరు, ఆడోళ్ళ కోసం బిందెలు, గంగాళాలు, పెండ్లిల పెట్టిన తలెలు తిప్పి చూడు. నాలుగు తరాలు పేర్లతోని, ఊర్లతోని దొరికితే మస్తు. నలభై తరాలు చెప్తమని పైసలు అడిగేటోళ్ళుంటరు, వాళ్ళ జోలికి పోకు.

ప్రశ్న: అక్కా, నేను మా ఇంటి చరిత్ర చిన్న పుస్తకంగ ఏద్దామనుకుంటున్న, ఇంటి మందం ఇరవై కాపీలు. మా తాత చిన్నప్పటికెల్లి గడీల వెట్టి చేసిండు. మా మేనత్త చెప్పింది, దొర ఇంటికి తెల్లారకముందే నీళ్ళు మోసుడు, దొరసాని పుట్టింటికి పోతె కచ్చరం (సవారి బండి) ముందల ఉరుకుడు. మా నాయిన మాత్రం అది రాస్తే నేను ఆ పుస్తకం ముట్ట అంటున్నడు, పిల్లల పెండ్లిళ్ళున్నయి పరువు పోతదంటడు. రాయాల్నా వద్దా? (సూర్యాపేట తట్టు)

జవాబు: పరువు పోవాల్సింది కచ్చరంల కూసున్నోళ్ళది, ముందల ఉరికినోళ్ళది ఎట్ల పోతది? ఇది మీ నాయినకు నువ్వు చెప్పాల్సిన మాట, కని చెప్తే ఇనడు, ఎందుకంటె ఆయన ఆ ఉరుకుడు కండ్లార చూసి ఉండొచ్చు, నువ్వు ఇన్నవు అంతే. మన జిల్లాల ఈ వెట్టి మీదనే గదా జనం తిరగబడ్డది. 1946 జులై 4 నాడు కడవెండిల దొడ్డి కొమురయ్యను కాల్చిన్రు, అప్పుడు ఆ ఊరు నల్లగొండ జిల్లానే. అవి పుస్తకాలల్ల ఉన్నయి. నీళ్ళు మోసిన మీ తాత ఏ పుస్తకంల లేడు.

అయినా నేను రాసెయ్ అనను. మీ నాయిన బతికున్నడు, అది ఆయన అయ్య సంగతి, ఆయనకు నీకన్న ఎక్కువ హక్కున్నది. మేనత్త చెప్పింది మొత్తం ఆమె గొంతుతోనే రికార్డ్ చేసి పెట్టు, తారీకు చెప్పిచ్చి. పుస్తకం కొంచెం ఆపు. మీ నాయినను వెట్టి గురించి అడగకు, మీ నాయిన అంగి మొదటిసారి ఎప్పుడు తొడిగిండు, కాళ్ళకు చెప్పులు ఎప్పుడేసుకున్నడు, గడి ముందలికెల్లి చెప్పులిడువకుండ ఎప్పుడు నడిచిండు, గివి అడుగు. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఇట్లనే పదిహేనేండ్లు ఏం చెప్పలే, చెప్పుల కాడ మొదలుపెట్టి పొద్దు గుంకేదాక చెప్పిండు, తర్వాత ఆయనే రాయుమన్నడు. మీ నాయిన అట్ల అంటడని గ్యారంటీ ఇయ్యను. అనకపోతే ఆ రికార్డింగ్ నీ బిడ్డకు ఇయ్యి, ఆమె చూసుకుంటది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల మాత్రం ఏయకు దయచేసి, అక్కడ గుడ్ మార్నింగ్ పూల కింద పడి పోతది, లేకపోతే లొల్లయితది.

ప్రశ్న: అమ్మానాయినల ఆల్బం మా పెద్దన్న తాన ఉన్నది, భూమి పంచాయితీల మాటలు బంద్ అయినయి, అడిగితే ఇయ్యడు. (నకిరేకల్)

జవాబు: ఆల్బం అడగకు. వదినెను అడుగు, అదీ ఆల్బం కాదు, ఫోన్ల ఒక్క ఫోటో తీసి పంపుమను. ఒకటి పంపితే మెల్లగ రెండోది అడుగు. నీ తాన ఉన్నయి నువ్వు కూడ పంపు, ముందుగాల నువ్వే పంపు. కోర్టుల కేసు ఉంటే మాత్రం ఫోటోల ముచ్చట తప్ప వేరే ఒక్క అక్షరం టైప్ చేయకు.

ప్రశ్న: అక్కా, మీ అమ్మ బిందె ఇప్పుడేడ ఉన్నది? (పేరు రాయలేదు)

జవాబు: మా తమ్ముని ఇంట్ల. నీళ్ళకు వాడుడు బంద్ చేసి బియ్యం పోసిన్రు. మా మరదలు మస్తు పనిమంతురాలు, పండుగ పండుగకు చింతపండు పెట్టి ధగధగ మెరిసేదాక తోముతది, మొన్న పోయి చూస్తే మా అమ్మమ్మ పేరుల రెండక్షరాల చుక్కలు అరిగిపోయి చేతితోని తడిమితే గని తెలుస్తలేవు. కాయితం పెట్టి పైనుంచి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకున్న, ఫోటో కూడ తీసుకున్న. మెడ కింద తోమకు అని మరదలికి చెప్పొచ్చిన, సరే వదినె అన్నది, దసరకు పోయి చూస్త.